ముడి రికార్డు కోసం ఒక ప్రణాళిక

మేము ఊళ్ళు తిరిగి కథలు, పాటలు, మాటలు రికార్డు చేసేవాళ్ళం. మాలో రేడియోలో పనిచేసి రిటైరైనవాళ్ళున్నారు, భాషాశాస్త్రం చదువుతున్న పిల్లలున్నారు, పెళ్ళిళ్ళకూ జాతరలకూ సౌండు పెట్టే కుర్రాళ్ళున్నారు, తాత చెప్పే కథను ఫోన్లో పట్టుకున్న మనవరాళ్ళున్నారు. ఎక్కడ కలిసినా ఒకటే తగువు: ఏ ఫార్మాట్‌లో రికార్డు చెయ్యాలి? ఎంపీ3 చాలదా అని ఒకరు. వేవ్ తప్ప ఇంకేదీ వద్దని ఒకరు. ఫ్లాక్ ఉండగా వేవ్ ఎందుకు దండగ అని ఇంకొకరు. 192 కిలోహెర్ట్జ్ లేనిదే మైకు ముట్టనని ఒక మిత్రుడు. డీఎస్‌డీ విననివాళ్ళతో మాటలేమిటని ఒక పెద్దాయన. ఆ తగువులో ముప్పాతిక మువ్వీసం దండగని, మిగిలిన కాస్తా మాత్రం చాలా పెద్ద విషయమని తేలింది కాబట్టి ఈ ప్రణాళిక రాసుకుంటున్నాం.

మేము కోరేది ఇది. ఏ గొంతునైనా, ఏ వాద్యాన్నైనా మొదటిసారి పట్టేటప్పుడు ధ్వనిలో ఏదీ తీసెయ్యకుండా, ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేని ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లకు తగ్గకుండా పట్టాలి. ఆ ముడి ఫైలును ముట్టుకోకుండా దాచాలి. వినడానికి, పంపడానికి, యూట్యూబ్‌లో పెట్టడానికి ఎన్ని రూపాలైనా చేసుకోవచ్చు, అవన్నీ నకళ్ళు. నకలు మిగిలి మూలం పోయే పద్ధతి ఆగాలి.

గజ్జెలు ఎక్కడికి పోయాయి

ఎంపీ3ని తిట్టడం మా ఉద్దేశం కాదు. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన సహచరులు చేసిన పని మామూలుది కాదు. పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దం మన చెవికి ఆనదు; ఆనని దానికి బిట్లు ఖర్చు పెట్టడం ఎందుకు అన్నది వాళ్ళ సూత్రం. సీడీలో సెకనుకు 1411 కిలోబిట్లు కావలసిన సంగీతాన్ని 128కి కుదించారు, అంటే పదకొండో వంతుకు. 1995లో ఆ ఫైళ్ళకు ఎంపీ3 అనే పేరు ఖాయమైంది. తర్వాత కొన్నేళ్ళకు కోఠి పేవ్‌మెంట్ల మీద ఒకే సీడీలో నూటయాభై సినిమా పాటలు దొరికాయంటే ఆ చలవే. డబ్బులేని ఇంటికి పాట చేర్చిన ఫార్మాట్ అది. పేటెంట్ల గొడవ కూడా 2017లో తీరిపోయింది. వినడానికి ఎంపీ3 బాగుంటుంది, 320 కిలోబిట్లదైతే మాలో చాలామంది తేడా పోల్చలేరు.

రికార్డు చెయ్యడానికి మాత్రం వద్దు. ఎందుకో సరిగ్గా చెప్పాలి, ఎందుకంటే ‘క్వాలిటీ తక్కువ’ అనే గాలిమాటతో ఎవరూ మారరు.

ఎంపీ3 ధ్వనిని ముక్కలుగా కోసి లెక్క కడుతుంది. ఒక్కో ఫ్రేములో 1152 శాంపిళ్ళు, సీడీ వేగంలో దాదాపు 26 మిల్లీసెకన్లు. ముక్కలో ఎక్కడ కుదించినా అందువల్ల పుట్టే రొద ముక్కంతా పరుచుకుంటుంది. సినిమా పాటలో వయొలిన్ల గుంపు సాగుతున్నప్పుడు ఆ రొద కనబడదు. డప్పు మీద చిర్ర పడినప్పుడు కనబడుతుంది: దెబ్బకు ముందున్న నిశ్శబ్దంలోకి కూడా రొద పాకి, దెబ్బ పడకముందే ఒక మసక శబ్దం వినిపిస్తుంది. దీన్ని అదుపు చెయ్యడానికి చిన్న ముక్కలు వాడే ఏర్పాటు ఎంపీ3లో ఉంది. బిట్ రేటు తక్కువైతే అది చాలదు. సిటికెన పుల్ల వేసే సన్నటి దరువు చిర్ర దెబ్బ నుంచి విడిగా వినబడితేనే డప్పు. ఆ రెండూ కలిసిపోతే మిగిలేది చప్పుడు.

గజ్జెలు, తాళాలు, బుర్రకథకుడి చేతిలో అందెలు, జనం చప్పట్లు ఎంపీ3కి ఇంకా కష్టం. వాటికి ఒక స్థిరమైన స్వరస్థాయి ఉండదు, పై పౌనఃపున్యాల నిండా చెదిరి ఉంటాయి. 128 కిలోబిట్ల దగ్గర చాలా ఎన్‌కోడర్లు 16 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా కత్తిరించేస్తాయి, కిందున్నదాన్ని కూడా అరకొరగా రాస్తాయి. గలగల కాస్తా సలసల అవుతుంది. మన జానపద వాద్యాల్లో సగం ఈ గలగల మీదే బతుకుతాయి.

ఒంటి గొంతు మరో సంగతి. ఎంపీ3ని సానబెట్టేటప్పుడు బ్రాండెన్‌బర్గ్ సుజేన్ వేగా అనే అమెరికన్ గాయని పాటనొకదాన్ని పదే పదే వాడుకున్నాడు. అందులో వాద్యాలు లేవు, గొంతొక్కటే. వెనక దాక్కోవడానికి ఏమీ లేనిచోట కుదింపు దోషాలు ఇట్టే దొరికిపోతాయి. మేము రికార్డు చేసేవాటిలో ఎక్కువ భాగం ఒంటి గొంతులే: జోలపాట, నాట్లపాట, పిండాల దగ్గర ఏడుపు, అరుగు మీద కబుర్లు.

ఇక నకలుకు నకలు. ఎంపీ3ని ఎడిట్ చేసి మళ్ళీ ఎంపీ3గా దాచారు; దాన్ని యూట్యూబ్‌లో పెడితే అక్కడ ఇంకోసారి కుదించారు; ఎవరో దాన్ని దింపుకుని వాట్సాప్‌లో పంపారు. ప్రతి మజిలీలోనూ ఒక లెక్క ప్రకారం ‘వినబడనిది’ తీసేశారు, ముందటి లెక్క ఏం తీసిందో తర్వాతి లెక్కకు తెలియదు. గుడి మైకుల్లో, వైకుంఠ రథాల మీద వినిపించే ఘంటసాల భగవద్గీత చాలాచోట్ల ఎన్నో చేతులు మారిన నకలే. ఆయనకు మూల రికార్డింగు ఉంది, కంపెనీ దగ్గర ఉంది, కాబట్టి ఫరవాలేదు. శ్రీకాకుళం జిల్లాలో జముకుల కథ చెప్పే మనిషికి మన ఫోన్లో ఉన్నదే మూలం.

బియ్యం తినొచ్చు, అమ్మొచ్చు, పంచొచ్చు. విత్తడానికి మాత్రం వడ్లే ఉండాలి. మిల్లాడించిన గింజ మొలవదు. మేము అడుగుతున్నది విత్తనాల గాదె ఒకటి వేరే ఉంచమని.

ఫోను చేసే మేలూ కీడూ

ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఒక రికార్డరు ఉంది. షేక్ నాజర్ బుర్రకథ చెప్పిన రోజుల్లో ఆ మాట ఎవరైనా అంటే నమ్మేవాళ్ళు కాదు. 1997లో ఆయన పోయేనాటికి కూడా ఊళ్ళో మంచి టేప్‌రికార్డరు ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ‘ఫోన్లో రికార్డు చెయ్యొద్దు’ అని మేము అనం. అనేవాళ్ళతో మాకు పడదు. ఖరీదైన రికార్డరు తెచ్చేదాకా ముసలమ్మ ఆగదు.

కానీ ఫోన్లో అసలు నష్టం ఫార్మాట్‌కు ముందే జరిగిపోతుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఫోను మాటల కోసం చేసిన యంత్రం. ఫ్యాను హోరు, బస్సు ఇంజను మోత లాంటి ఆగని శబ్దాలను రొదగా గుర్తుపట్టి తగ్గించే ప్రోగ్రాం అందులో ఉంటుంది. ఆగకుండా ఒకే స్థాయిలో మోగేది ఇంకొకటి ఉంది: తంబుర శ్రుతి. ఫోను దాన్నీ రొదే అనుకుంటుంది. కథకుడి పక్కన మీటిన తంబుర ఫైల్లో మొదట రెండు మూడు క్షణాలు వినబడి తర్వాత మాయమైతే తప్పు తంబురది కాదు. రెండోది, శబ్దం పెరిగితే తనంతట తాను తగ్గించి, తగ్గితే పెంచే ఏర్పాటు. డక్కీ దెబ్బ పడగానే గొంతు కుంగిపోతుంది, దెబ్బల మధ్య గొంతు ఉబుకుతుంది. కథకుడు కావాలని తగ్గించి చెప్పిన మాట, పెంచి చెప్పిన మాట ఒకే ఎత్తున చదునవుతాయి. ఇంత జరిగాక ఆ ఫైలును 24 బిట్ వేవ్‌గా దాచినా ఒరిగేదేమీ లేదు.

కాబట్టి ఫోను వాడేవాళ్ళకు మా మొదటి విన్నపం ఫార్మాట్ గురించి కాదు: ఆ రెండు ఏర్పాట్లూ ఆపెయ్యగలిగే రికార్డింగ్ ఆప్ వాడండి, అలాంటివి దొరుకుతాయి. దానిలో వేవ్ ఎంచుకోండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా మాత్రం ఎప్పుడూ రికార్డు చెయ్యకండి. దానిలో వాడే ఓపస్ కోడెక్ చాలా గొప్పది, 2012లో ఇంటర్నెట్ ప్రమాణమైంది, ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. తక్కువ బిట్లలో మాట పంపడానికి దాన్ని మించింది లేదనే చెప్పాలి. కబురు పంపడానికి అది. దాచడానికి కాదు. చేసిన వేవ్ ఫైలును పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు దాన్ని ఎవరూ కుదించరు.

పై అంతస్తు తగువులు

ఇప్పుడు మాలోని 192 మిత్రుడికి జవాబు చెప్పాలి. ఆయన మంచివాడు, చెవులు మంచివి, ఖర్చుకు వెనకాడడు.

శాంపిల్ రేటు గురించి చాలామందికున్న ఊహ ఏమిటంటే, శాంపిళ్ళు మెట్లలా ఉంటాయని, ఎక్కువ మెట్లుంటే అల నున్నగా ఉంటుందని. అది తప్పు. హ్యారీ నైక్విస్ట్ మొదలుపెట్టి క్లాడ్ షానన్ 1949లో స్థిరపరచిన సూత్రం ప్రకారం, ఒక ధ్వనిలో ఉన్న అతి పై పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ శాంపిళ్ళు తీసుకుంటే ఆ అల మొత్తం తిరిగి వస్తుంది. నున్నగానే వస్తుంది. మెట్లుండవు. మనిషి చెవి హద్దు సుమారు 20 కిలోహెర్ట్జ్; యాభై దాటినవాళ్ళలో అది ఇంకా కిందికి దిగుతుంది, డీఎస్‌డీ పెద్దాయన ఏమీ అనుకోకపోతే. 48 కిలోహెర్ట్జ్ రేటు 24 దాకా పడుతుంది. ఫిల్టరు పని చేసుకోవడానికి కాస్త జాగా కూడా మిగులుతుంది.

మరి సీడీకి 44.1 అనే ఆ వింత అంకె ఎక్కడిది? సంగీతంలోంచి రాలేదు. 1970ల చివర్లో డిజిటల్ ధ్వని దాచడానికి సరిపడే యంత్రం వీడియో టేప్‌రికార్డరు ఒక్కటే. టీవీ బొమ్మలోని గీతల్లో శాంపిళ్ళు కుక్కేవాళ్ళు. అమెరికా, జపాన్ పద్ధతిలో సెకనుకు 60 ఫీల్డులు, ఫీల్డుకు వాడుకోగల 245 గీతలు, గీతకు 3 శాంపిళ్ళు: 44,100. యూరప్ పద్ధతిలో 50, 294, 3: మళ్ళీ 44,100. రెండుచోట్లా కుదిరింది కాబట్టి అదే ఖాయమైంది, 1982లో సీడీ ఆ అంకెతోనే బజారుకొచ్చింది. ఫార్మాట్ల అంకెలు దైవవాక్కులని అనుకునేవాళ్ళు ఈ కథ ఒకసారి గుర్తుచేసుకోవాలి. మేము 48 అనడానికి కారణం కూడా అంత గంభీరమైనది కాదు: వీడియోలు సాధారణంగా ధ్వనిని 48లోనే మోస్తాయి, ఆడియో అభిలేఖాగారాల అంతర్జాతీయ సంఘం ఐయాసా తన మార్గదర్శకాల్లో కనీసం అంతుండాలని చెబుతోంది.

పై రేట్ల తేడా వినబడుతుందా అన్నదానికి పరీక్షలు జరిగాయి. 2007లో అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు పై రేటు రికార్డింగుల మధ్యలో సీడీ స్థాయి మార్పిడిని దూర్చి పోల్చమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. 2016లో లండన్ పరిశోధకుడు జాషువా రైస్ 18 అధ్యయనాలను కలిపి లెక్కగట్టాడు: మొత్తం మీద 52.3 శాతం సరిగ్గా చెప్పారు, బాగా శిక్షణ పొందినవాళ్ళు చెప్పుకోదగ్గంత మెరుగు. కాబట్టి తేడా అసలు లేదని మేము ప్రమాణం చెయ్యం. ఉన్నా మొత్తం మీద అది నూటికి రెండు మూడు వంతుల దగ్గర తచ్చాడుతోంది. స్టీరియోలో గంటకు 48/24 అయితే దాదాపు 1.04 జీబీ, 192/24 అయితే 4.15 జీబీ. ఆ మూడు జీబీల డబ్బుతో మంచి మైకు కొనండి. మైకుకు గాలి తొడుగు కొనండి. వేపచెట్టు కింద గాలి మైకును కొట్టి పాడుచేసిన రికార్డింగు 192లో ఉంటే, అది 192లో ఉన్న గాలి.

బిట్ల విషయంలో మాత్రం మేము పట్టుబడతాం. ఒక్కో బిట్‌కు, అతి సన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దాదాపు 6 డెసిబెళ్ళ జాగా. 16 బిట్లకు 96, 24కు 144. వినేవాడికి 16 చాలు, అది నిజమే. రికార్డు చేసేవాడికి చాలవు, ఎందుకంటే కథకుడు ఎప్పుడు అరుస్తాడో వాడికి తెలియదు. బుర్రకథలో గుసగుస నుంచి ‘తందాన తాన’ దాకా ఒక్క ఊపిరి. 24 బిట్లుంటే గెయిన్ కిందికి పెట్టుకుని, పై హద్దుకు 12 డెసిబెళ్ళ జాగా వదిలేసి కూర్చోవచ్చు. రెండు బిట్లు పోతే ఇంకా 22 ఉంటాయి. హద్దు దాటి క్లిప్ అయిన ధ్వనిని వెనక్కి తెచ్చే మందు లేదు.

32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు ఇప్పుడు చవకగానే దొరుకుతున్నాయి, వాటిలో గెయిన్ తిప్పే పనే లేదంటున్నారు. మంచివే, జాతర్లలో మేమూ వాడతాం. ఒక్క హెచ్చరిక: ఫైలు క్లిప్ కాకపోవచ్చు, మైకు అవుతుంది. తీనుమార్ డప్పుల ముందు అడుగు దూరంలో పెడితే ఏ గణితమూ కాపాడదు.

డీఎస్‌డీ సంగతి. 1999లో సూపర్ ఆడియో సీడీ (ఎస్‌ఏసీడీ)తో సోనీ, ఫిలిప్స్ తెచ్చిన ఒక్క బిట్ పద్ధతి, సెకనుకు 28,22,400 సార్లు. పాత మాస్టర్ టేపులను భద్రం చెయ్యడానికే దాన్ని మొదట ఆలోచించారు, కాబట్టి మా పెద్దాయన అభిమానానికి ఆధారం ఉంది. వినడానికి అందంగా ఉంటుందన్నా కాదనం. చిక్కేమిటంటే ఒక్క బిట్‌లో పుట్టే రొదనంతా చెవికందని పై పౌనఃపున్యాల్లోకి తోస్తారు, అది ఫైల్లోనే ఉండిపోతుంది. పైగా గొంతు పెంచాలన్నా, దగ్గు తీసెయ్యాలన్నా చాలావరకు పీసీఎంలోకి, అంటే సీడీలో, వేవ్‌లో వాడే మామూలు శాంపిళ్ళ పద్ధతిలోకి మార్చక తప్పదు. చివరికి పీసీఎంలోకే రావాల్సిన దాన్ని అక్కడే పుట్టించడం మేలు. దాని మీద ఇంతకు మించి సమయం పెట్టం.

యంత్రం చచ్చిపోతే

1987లో డ్యాట్ వచ్చింది. చిన్న క్యాసెట్టు, సీడీకి దీటైన ధ్వని. ప్రపంచవ్యాప్తంగా రేడియోలు, పరిశోధకులు దాన్ని నమ్ముకున్నారు. 2005లో సోనీ ఆ యంత్రాల తయారీ ఆపేసింది. 1992లో మినీడిస్క్, డీసీసీ ఒకే ఏడాది పోటీపడి పుట్టాయి. డీసీసీ నాలుగేళ్ళకే పోయింది. మినీడిస్క్ చాలాకాలం బతికింది, చేతిలో ఇమిడేది, మాలో కొందరు గోదావరి జిల్లాల్లో దానితోనే తిరిగారు. 2013లో సోనీ దాని ప్లేయర్ల తయారీ ఆపేసింది. దానిలో ధ్వనిని కుదించిన అట్రాక్ పద్ధతి సోనీ సొంతం. ఆ డిస్కులున్నవాళ్ళు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ యంత్రాల కోసం వెతుక్కుంటున్నారు. టేపులకూ అదే గతి: యునెస్కో, ఐయాసా కలిసి 2019లో చేసిన హెచ్చరిక ప్రకారం 2025 నాటికి టేపు వినిపించే యంత్రాలు, విడిభాగాలు దొరకడమే గగనమవుతుంది. ఆ గడువు దాటేశాం.

ఇవన్నీ ధ్వని బాగాలేక పోలేదు. ఒక కంపెనీ లెక్కల్లో లాభం లేక పోయాయి. ఎంక్యూఏ అని 2014లో ఒకటి వచ్చింది. చిన్న ఫైలులో స్టూడియో ధ్వని మడిచి ఇస్తామన్నారు, పూర్తిగా విప్పాలంటే లైసెన్సున్న యంత్రం ఉండాలన్నారు. 2023లో కంపెనీ దివాలా దారి పట్టింది, మరుసటి ఏడు దాన్ని వాడే టైడల్ లాంటి పెద్ద పాటల స్ట్రీమింగ్ సేవ కూడా ఫ్లాక్‌కు మారిపోయింది. పాటలు వినేవాళ్ళకు అది చిన్న విసుగు. మన ఏకైక మూలాన్ని అలాంటి దానిలో పెట్టి ఉంటే?

అందుకే మా రెండో షరతు: ఆ ఫార్మాట్‌ను ఎలా చదవాలో బహిరంగంగా రాసి ఉండాలి. రేపు ప్రపంచంలో ఏ కంపెనీ మిగలకపోయినా విజయవాడలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఆ కాగితం చూసి ప్రోగ్రాం రాసుకోగలగాలి.

ఆ పరీక్షలో నెగ్గినవాటిలో మా చర్చలో మిగిలినవి రెండే, అసలు గొడవ అక్కడే ముదిరింది. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం తెచ్చిన వేవ్ ఒకటి. జోష్ కోల్సన్ 2000లో మొదలుపెట్టిన ఫ్లాక్ ఒకటి. ఫ్లాక్ కూడా కుదిస్తుంది కానీ ఏదీ పారెయ్యదు. విప్పితే బిట్టుకు బిట్టు అదే వస్తుంది. పాటలైతే సుమారు సగానికి తగ్గుతుంది, గాలీ కీచురాళ్ళూ నిండిన 24 బిట్ రికార్డింగు అంత తగ్గదు. విప్పిన ధ్వనికి ఒక చెక్‌సమ్ ఫైల్లోనే ఉంటుంది, కాబట్టి పదేళ్ళ తర్వాత ఫైలు చెడిందో లేదో అదే చెబుతుంది. మామూలు వేవ్‌లో ఆ సదుపాయం లేదు. 2024 డిసెంబరులో ఫ్లాక్ ఇంటర్నెట్ ప్రమాణాల పత్రంగా కూడా అచ్చయింది. ఇంత ఉండగా వేవ్ ఎందుకంటారు ఫ్లాక్ పక్షం వాళ్ళు.

వేవ్ పక్షం జవాబు: డిస్కులో ఒక్క బిట్ చెడితే వేవ్‌లో ఒక్క శాంపిల్, ఒక చిన్న టిక్కు. ఫ్లాక్‌లో ఒక ఫ్రేమంతా, అంటే సెకనులో పదో వంతుకు దగ్గరగా పోవచ్చు. 32 బిట్ ఫ్లోట్ ఫ్లాక్‌లో పట్టదు. చేతి రికార్డర్లు దాదాపు అన్నీ వేవ్ రాస్తాయి, ఫ్లాక్ రాసేవి అరుదు. వేవ్‌కు ఒక విస్తరణ ఉంది: యూరప్ ప్రసార సంఘం 1997లో తెచ్చిన బ్రాడ్‌కాస్ట్ వేవ్‌లో ఎవరు, ఎప్పుడు అన్న వివరాలు ఫైల్లోపలే రాయొచ్చు. దానికీ ఒక అవలక్షణం ఉందని ఫ్లాక్ వాళ్ళు గుర్తుచేశారు: వేవ్ 4 జీబీ దాటదు. 48/24 స్టీరియోలో అది నాలుగు గంటల చిల్లర. తెల్లవార్లూ సాగే చిందు భాగవతానికి చాలదు, రికార్డరు ఫైలును ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్ని వరస తప్పకుండా కలపాలి.

ఇద్దరూ చెప్పింది నిజమే. పుట్టించేది బ్రాడ్‌కాస్ట్ వేవ్‌లో, దూరంగా దాచే ప్రతులు ఫ్లాక్‌లో అని తీర్మానించాం. ఈ తీర్మానం ఎవరినీ పూర్తిగా తృప్తిపరచలేదు.

పేరు చెప్పి మొదలుపెట్టండి

1902లో కలకత్తాలో గ్రామఫోన్ రికార్డులు చెయ్యడానికొచ్చిన గైస్‌బర్గ్ మైనపు పలక ముందు పాడిన గాయని గౌహర్ జాన్, పాట చివర తన పేరు గట్టిగా చెప్పేది. రికార్డు జర్మనీలో అచ్చయ్యేది, అక్కడి పనివాళ్ళకు అది ఎవరి పాటో తెలియాలి కదా. ఆ అలవాటును మేము మళ్ళీ తెస్తున్నాం. రికార్డింగు మొదట్లో తేదీ, ఊరు, పాడేవాళ్ళ పేరు, ఏ పాట, ఎవరు నేర్పారు అన్నది మైకులోనే చెప్పండి, తెలుగులో. ఫైలు పేరు మారిపోతుంది, ఫోల్డరు పోతుంది, ఎక్సెల్ షీటు ఎక్కడో ఉండిపోతుంది. గొంతు గొంతుతోనే ఉంటుంది.

ధ్వని పక్కన సాక్ష్యం ఎందుకుండాలో చెప్పే కథ ఇంకా పాతది. 1860లో పారిస్‌లో స్కాట్ ద మార్టిన్‌విల్ మసి పూసిన కాగితం మీద గొంతు అలలను గీయించాడు. తిరిగి వినే ఆలోచనే లేదు, చూడటానికి. 2008లో అమెరికా పరిశోధకులు ఆ గీతల్ని కంప్యూటర్లో చదివి వినిపించారు. చేత్తో తిప్పిన యంత్రం కాబట్టి వేగం తెలిసే దారే లేదు, ఒక్కటి తప్ప: ఆయన పక్కనే ఒక ట్యూనింగ్ ఫోర్కు కంపనాన్ని కూడా గీయించి ఉంచాడు. దాని లెక్కను మొదట రెట్టింపుగా పొరబడటంతో ఆడపిల్ల గొంతనుకున్నారు. మరుసటి ఏడు సరిచేస్తే మగ గొంతు, నెమ్మదిగా పాడుతున్నాడు. ఆ ఫోర్కు గీత లేకపోతే అసలేమీ తేలేది కాదు. మీ దగ్గర శ్రుతి పెట్టె ఉంటే మొదట అర నిమిషం మోగించి రికార్డు చెయ్యండి.

పాడినవాళ్ళ హక్కు గురించి మాకు రెండో ఆలోచన లేదు. 1994 సవరణ నుంచి మన కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు ఉంది, ఇప్పుడు దాని కాలం 50 ఏళ్ళు. ఒగ్గు పూజారి, కిన్నెర వాయించే మనిషి, చేలో పాడే కూలీ అందరూ ఆ చట్టం ముందు ప్రదర్శకులే. అనుమతి అడగండి, దాన్నీ రికార్డు చెయ్యండి. వాళ్ళింటికి ఒక ప్రతి వెళ్ళాలి. వాళ్ళు ఏ ఫోన్లో వింటారో చూసి ఎంపీ3 ఇవ్వండి, ఆ ఎంపీ3కి మా దీవెనలున్నాయి.

ముందున్న పని

ప్రతి జిల్లాలో ఒక పెట్టె: రెండు రికార్డర్లు, మూడు మైకులు, హెడ్‌ఫోన్లు, గాలి తొడుగులు. కావలసినవాళ్ళు తీసుకెళ్ళి తిరిగి తెస్తారు, అద్దె లేదు. ప్రతి రికార్డింగుకు మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల నిలవ, ఒకటి వేరే ఊళ్ళో. ఏడాదికోసారి చెక్‌సమ్‌లు సరిచూడాలి. రొద తీసే కొత్త సాఫ్ట్‌వేర్లు ఎంత ముద్దొచ్చినా వాటిని నకళ్ళ మీదే వాడాలి. విశ్వవిద్యాలయాల జానపద శాఖలను, ఆకాశవాణిని, అకాడమీలను మేము అడిగేది డబ్బు కాదు: మీ దగ్గర చేసే కొత్త రికార్డింగులకు ఈ కనీస ప్రమాణం పాటించండి, కొనుగోలు పత్రాల్లో ఆ అంకెలు రాయండి.

రెండో పని అటకల మీద ఉంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైన నాటి నుంచి రేడియో ముందు కూర్చున్న ఇళ్ళు ఎన్నో. క్యాసెట్లొచ్చాక భక్తిరంజనిని, నాటకాలను ఇంట్లోనే రికార్డు చేసుకున్న మహానుభావులున్నారు. హరికథలు, బుర్రకథలు, పద్యనాటకాల క్యాసెట్లు వేరే. తేమకు అంటుకుపోకముందే వాటిని డిజిటల్‌లోకి ఎక్కించాలి. మీ ఇంట్లో ఉన్నవి పారెయ్యకండి, పాత డెక్కు ఉంటే అదీ పారెయ్యకండి.

ఈ పనిలో ఒక ప్రశ్న మాలో తేలలేదు, తేలనట్టే రాస్తున్నాం. కొత్త రికార్డింగులకు 48 చాలన్న మేము క్యాసెట్ల మార్పిడికి 96 అన్నాం, ఐయాసా దారిలో నడిచే చాలా సంస్థలు చేసేది అదే. 192 మిత్రుడు ఇక్కడ ఊరుకోలేదు. టేపు మీద రాసేటప్పుడు చెవికందని ఒక బయస్ స్వరం కూడా పడుతుంది, క్యాసెట్లలో అది 100 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దాన్ని పట్టగలిగితే టేపు ఎక్కడ తూలిందో, ఎక్కడ పరుగెత్తిందో లెక్కగట్టి వేగాన్ని సరిచెయ్యొచ్చు. స్కాట్ ఫోర్కు గీత లాంటిదే. రీళ్ళ విషయంలో ఈ పని చేసి చూపించినవాళ్ళున్నారు. ఇంట్లోని మామూలు డెక్కు హెడ్డు అంత పైది చదవగలదా, చదివినా 192 దానికి సరిపోతుందా అని మాలోని రేడియో ఇంజనీరు అడుగుతున్నారు. 100 కిలోహెర్ట్జ్‌కు 200 పైన కావాలి కదా అని. మిత్రుడు 384 కిలోహెర్ట్జ్ కన్వర్టరు తెస్తానన్నాడు, హెడ్డు సరిచేసిన డెక్కు రేడియో ఆయన తెస్తారు. వచ్చే సమావేశంలో ఒకే క్యాసెట్టును రెండు రకాలుగా ఎక్కించి చూస్తాం. అందాకా 96.